ల్యాప్‌టాప్ సప్పుడు ఆపే ముందు ఒకసారి వినండి

మా అకౌంటెంట్ల వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒక వీడియో బాగా తిరిగింది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత రెండు నిమిషాల్లో ఆపెయ్యొచ్చట. పవర్ ఆప్షన్స్‌లోకి పోయి, ప్రాసెసర్ గరిష్ఠ పరిమితి 100 శాతం అని ఉన్నచోట 99 అని కొట్టాలి, అంతే. కాసేపటికే ఫ్యాన్ నెమ్మదిస్తుంది. అబద్ధమేమీ కాదు, నేనూ చేసి చూశాను. 99 పెడితే ప్రాసెసర్‌లో టర్బో, అంటే పని ఎక్కువైనప్పుడు మామూలు కంటే వేగం పెంచుకునే ఏర్పాటు, ఆగిపోతుంది, వేడి తగ్గుతుంది, ఫ్యాన్‌కు పని తగ్గుతుంది. గ్రూపులో అందరూ లైకులు కొట్టారు. "సూపర్ అన్నా, మా ఆఫీసుల ఉన్న అన్ని సిస్టమ్స్‌కు పెట్టేసిన" అని ఒకాయన రాశాడు.

ఆ మాట నాకు మింగుడు పడలేదు. అన్ని సిస్టమ్స్‌కా? వాటిలో ఏది ఎందుకు మోగుతుందో చూశాడా? ఒకదాంట్లో దుమ్ము నిండి ఉండొచ్చు, ఒకదాని ఫ్యాన్ బేరింగ్ అరిగి ఉండొచ్చు, ఇంకొకటి ఎండకు నిజంగానే కష్టపడుతుండొచ్చు. అన్నిటికీ ఒకే గోలీ వేసి నోరు మూయించేశాడు.

మా దిక్కు ఏ రైతైనా స్టార్టర్ డబ్బా దగ్గర నిలబడి మోత విని చెప్తాడు, ఒక ఫేజు పోయిందా, బోరులో నీళ్లందక మోటారు గాలి గుంజుతుందా అని. మోటారు తిరగకుండా గుయ్‌మంటే ఇంకేం ఆలోచించడు, ముందు బంద్ చేస్తాడు. లేకపోతే వైండింగ్ కాలిపోతుందని తెలుసు. అంతకంటే ఎక్కువ డబ్బు పోసి కొన్న ల్యాప్‌టాప్ దగ్గర మాత్రం మనం ఆ చెవి పెట్టడం లేదు. సప్పుడు రాగానే ఎట్లాగోలా ఆపేయాలని చూస్తాం, లేదంటే పాతదైపోయిందని కొత్తదానికి ఈఎంఐ లెక్కలు వేసుకుంటాం. రెండూ తొందరపాటు పనులే అని నా గట్టి అభిప్రాయం. ఎక్కడైనా తొందరపాటే గానీ, నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఉండేవాళ్లకు ఇంకా ఎక్కువ నష్టం. ఎందుకో చెప్తాను.

మిల్లు గదిలో ల్యాప్‌టాప్

నేను మిర్యాలగూడలో రైస్ మిల్లులకు, చిన్న షాపులకు లెక్కలు రాసే పని చేస్తాను. సీజన్ వచ్చిందంటే సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు లారీలకు లారీలు మా ఊరికి దిగుతాయి. వానాకాలం పంట అయిపోయిందనుకునే లోపు యాసంగి మొదలవుతుంది. మిల్లు నడిచినన్ని రోజులూ గాల్లో సన్నటి తవుడు పొడి తేలుతూనే ఉంటుంది. గుమాస్తా గదికి తలుపులున్నా, పొద్దున తుడిచిన టేబుల్ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు.

అట్లాంటి ఒక గదిలో ల్యాప్‌టాప్ విపరీతంగా అరుస్తుందని గుమాస్తా నాకు ఫోన్ చేశాడు. "తలకాయ నొస్తుంది సార్, ఎట్లన్న దాన్ని ఆపెయ్యరాదు" అన్నాడు. అంతకుముందే మిల్లు ఓనరు దాన్ని ఒక షాపులో చూపించాడు. అక్కడ విప్పకుండానే మదర్‌బోర్డు పోతుందని, 18,000 అవుతుందని చెప్పి పంపించారు. నేను నాకు తెలిసిన మెకానిక్ తమ్ముణ్ని మిల్లుకే పిలిపించాను.

అతను ముందు స్క్రూడ్రైవర్ తియ్యలేదు. ల్యాప్‌టాప్ ఆన్ చేసి, ఒక కాగితాన్ని గొట్టంగా చుట్టి, ఒక కొస చెవికి పెట్టుకుని రెండో కొసను కింద అక్కడక్కడా ఆనించి విన్నాడు. తర్వాత ల్యాప్‌టాప్‌ను కొంచెం పక్కకు వంచి విన్నాడు. వంచినప్పుడు సప్పుడు మారితే బేరింగ్ అనుమానం, మారకుండా ఒకే తీరు హోరుమంటే గాలి అడ్డుపడటం అన్నాడు. ఇది మారలేదు. అప్పుడు వెనక ప్లేటు తీశాడు. ఫ్యాన్ మూత ఎత్తగానే ఫ్యాన్‌కూ, రాగి పైపు చివరన ఉండే సన్నటి రేకులకూ మధ్య ఒక పొర కనబడింది. ట్వీజర్‌తో కొస పట్టి లాగితే మొత్తం ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. లేత గోధుమ రంగు. వేళ్ల మధ్య నలిపితే జిడ్డు తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తవుడు వాసన.

తవుడులో నూనె ఉంటుంది, రైస్ బ్రాన్ ఆయిల్ తీసేది దాన్నుంచే కదా. ఆ జిడ్డు వల్ల మామూలు ఇంటి దుమ్ము కంటే ఈ పొడి గట్టిగా అతుక్కుంటుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి బయటికి పోయే దారే లేదు. గాలి పోకపోతే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ఫ్యాన్ ఇంకా వేగంగా తిరుగుతుంది. గుమాస్తా తలనొప్పికి కారణం అదీ. తమ్ముడు బ్లోయర్ పెట్టే ముందు అగ్గిపుల్లతో ఫ్యాన్ రెక్కలు కదలకుండా ఆపాడు. బ్లోయర్ గాలికి ఫ్యాన్ దాని లెక్కకు మించి తిరిగితే బేరింగ్ పాడవుతుందట. ప్రాసెసర్ వేడిని రాగి పైపుకు అందించే పేస్టు ఎండిపోయి ఉంటే గీకేసి కొత్తది పెట్టాడు. అంతకుముందు 95 డిగ్రీల దగ్గర ఆడుతున్న ప్రాసెసర్ 70 చిల్లరకు దిగింది. అయిన ఖర్చు ఆరు వందలు.

ఆ వీడియోలో చెప్పినట్టు దానికి 99 పెట్టి ఉంటే ఏమయ్యేది? సప్పుడు తగ్గేది. గుమాస్తా సంతోషపడేవాడు. లోపల పొర మాత్రం రోజురోజుకూ మందమయ్యేది. ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపుల్లోకి పోగానే తమను తాము కాపాడుకోవడానికి నెమ్మదిస్తాయి, అప్పటికీ తగ్గకపోతే మిషనే ఆఫ్ అయిపోతుంది. అది ఏ తీరిక రోజునో జరగదు. పని ఎక్కువున్న రోజే, అంటే జీఎస్టీ రిటర్న్ 3బీ వేసే 20వ తారీఖున జరుగుతుంది. రిటర్న్ ఒక్కరోజు ఆలస్యమైతే 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన ట్యాక్స్ ఉంటే దాని మీద వడ్డీ. లెక్కలు రాసేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

కూలర్ ఆగిన తర్వాత

నా వాదనకు ఎదురు మాట ఒకటుంది, అది బలమైనదే. "సార్, మే నెలల క్లీన్ చేపించిన మిషన్ కూడా అరుస్తది కదా, అప్పుడేం వినాలె?" అని అదే గ్రూపులో ఒకరు అడిగారు.

నిజమే. ల్యాప్‌టాప్‌తో వచ్చే పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూడండి. పనిచేయాల్సిన గది వేడి ఎంత ఉండాలో రాసి ఉంటుంది. చాలా కంపెనీలు పై హద్దు 35 డిగ్రీలనే రాస్తాయి. మా దగ్గర మే నెలలో బయట 44, 45 కొడుతుంది. రేకుల షెడ్డు కింద ఉన్న ఆఫీసు గదిలో మధ్యాహ్నం 40కి తగ్గదు. అంటే స్విచ్ వేయకముందే మనం కంపెనీ గీసిన గీత దాటేశాం. ఆ వేళ శుభ్రంగా ఉన్న ఫ్యాన్ గట్టిగా తిరుగుతుందంటే తన పని తాను చేస్తున్నట్టే. కారణం తెలిసింది, దాన్ని తీసేయడం మన చేతిలో లేదు. అప్పుడు 99 పెట్టుకోవడంలో తప్పు లేదు, ఎండాకాలంలో నేనూ పెట్టుకుంటాను. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో వోచర్లు ఎక్కించడానికి టర్బో అవసరమే లేదు. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిచిపెట్టకుండా ఉంటే ఇంకా మేలు. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, దిండు మీద పెట్టకుండా గట్టి బల్ల మీద పెడితే కింద నుంచి గాలి ఆడుతుంది.

కాకపోతే ఇంకో సంగతి గమనించాను. ఎండాకాలమంతా కూలర్ హోరులో ల్యాప్‌టాప్ సప్పుడు మనకు వినపడనే వినపడదు. దసరా దాటి, కూలర్ మీద గుడ్డ కప్పిన తర్వాత, గది నిమ్మళమయ్యాక, "ఇదేంది, ఇట్ల మోగుతుంది" అని మొదటిసారి చెవిన పడుతుంది. నా దగ్గరికి సప్పుడు గురించి వచ్చే ఫోన్లు ఎక్కువగా కార్తీకంలోనే వస్తాయి. చలికాలంలో కూడా ఫ్యాన్ హోరుమంటుందంటే అది ఎండ తప్పు కాదు. మొన్నటి ఎండాకాలంలో పేరుకున్న దుమ్ము, ఎండిన పేస్టు, అరిగిన బేరింగ్, ఈ మూడింటిలో ఏదో ఒకటి. అందుకే మా ప్రాంతంలో సర్వీసింగ్ శివరాత్రికి ముందు చేయించాలంటాను, ఎండలు ముదిరే లోపు.

టిక్కు టిక్కు అంటే మాత్రం ఆలోచించొద్దు

పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంది. నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం మీద, అసలు కంటికి ఆననంత దగ్గరగా హెడ్ తేలుతూ చదువుతుంది. అది చదవాల్సిన చోటు దొరక్క వెనక్కి వచ్చి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే టిక్కు, టిక్కు అని లయగా వినపడుతుంది. ఆ సప్పుడు వింటే అన్ని పనులూ పక్కన పెట్టి ముందు డేటా ఇంకో డిస్కులోకి ఎక్కించుకోండి. రిపేరు ప్రోగ్రాములు నడపొద్దు, తట్టి చూడొద్దు. ఒక స్పేర్ పార్టుల షాపు ఓనరు "రెండు రోజులు చూద్దాం సార్" అన్నాడు. రెండో రోజు డిస్కు తెరుచుకోలేదు. ఏళ్ల నాటి ఖాతాలు తియ్యడానికి హైదరాబాద్‌లో అడిగిన డబ్బుతో కొత్త డిస్కులు చాలా వచ్చేవి. చిప్పుల మీదే డేటా దాచే ఎస్ఎస్‌డీ డిస్కులో తిరిగే భాగమే లేదు కాబట్టి అది పోయే ముందు ఈ మాత్రం సప్పుడు కూడా చేయదు.

చార్జర్ పెడితేనే వచ్చే గుయ్

నన్ను ఇంత పట్టుదలగా రాయించేది మాత్రం దేవరకొండలో మా అక్క ఇంట్లో జరిగింది.

మా మేనల్లుడు ఆన్‌లైన్ కోచింగ్ వింటాడు. "మామా, చార్జర్ పెడితే చెవుల్ల ఒకటే గుయ్ అంటది, పీకితే ఆగుతది" అని ఫోన్‌లో చెప్పాడు. అప్పటికే కొత్త హెడ్‌ఫోన్స్ కొన్నారు, తగ్గలేదు. చార్జర్ మీద ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ బాడీ మీద మణికట్టు ఆనిస్తే సన్నగా జిల్లుమంటుందని కూడా చెప్పాడు. మా బావ దాన్ని పట్టించుకోలేదు. "కోచింగ్ ఎగ్గొట్టడానికి సాకులు" అన్నాడు.

చార్జర్ లోపల కరెంటును వడగట్టడానికి ఇన్‌పుట్‌కూ ఔట్‌పుట్‌కూ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా అతి కొద్దిగా కరెంటు దాటుతూనే ఉంటుంది. రెండు పిన్నుల చార్జర్ అయితే ఆ జిల్లు మామూలే. వీళ్లది మూడు పిన్నులది. మూడో పిన్ను ఎర్తింగ్‌కు కలిసి ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోవాలి, బాడీ మీద నిలవకూడదు. నిలుస్తుందంటే ఎర్తింగ్ అందడం లేదు. హెడ్‌ఫోన్స్‌లో గుయ్ వచ్చేది కూడా 50 హెర్ట్జ్ కరెంటు మోతే. సాకు కాదు బావా, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించు అన్నాను.

ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంపు తెచ్చాడు. ఫేజుకూ న్యూట్రల్‌కూ పెడితే బల్బు వెలిగింది. ఫేజుకూ ఎర్త్‌కూ పెడితే వెలగలేదు. ఆ సాకెట్ ఒక్కటే కాదు, ఇంట్లో ఏ సాకెట్‌లోనూ వెలగలేదు. పై గది కట్టినప్పుడు మీటరు బోర్డు జరిపారు, అప్పుడు కోసిన ఎర్త్ వైరు మళ్లీ కలపలేదు. వైరు కొస గోడలోకి సున్నం పూసుకుని ఉంది. అదే గదిలో, అదే లైను మీద ఇనుప బాడీ కూలర్ నడుస్తుంది. అందులో పంపు నీళ్లలో మునిగి ఉంటుంది, పిల్లలే బకెట్లతో నీళ్లు పోస్తారు. ప్రతి ఎండాకాలం కూలర్‌లో నీళ్లు పోస్తూ షాక్ కొట్టి చనిపోయారన్న వార్త ఏదో ఒక ఊరి నుంచి చదువుతూనే ఉంటాం. మా అక్క అది తలుచుకుని చాలాసేపు మాట్లాడలేకపోయింది.

గుంత తవ్వి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి కొత్త ఎర్తింగ్ చేయించారు. ఎండాకాలం అందులో నీళ్లు పోస్తూ ఉండమని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే ఆర్‌సీసీబీ స్విచ్ కూడా పెట్టించమని నేను పట్టుబట్టాను. హెడ్‌ఫోన్స్‌లో గుయ్ పోయింది. వాడు ఆ సప్పుడుకు అలవాటు పడిపోయి ఉంటే, లేదా బ్యాటరీ మీద విని సర్దుకుపోయి ఉంటే ఆ తెగిన వైరు సంగతి ఎవరికి తెలిసేది?

కొందరికే వినపడే సప్పుడు

ఇంతవరకు చెప్పినవాటిలో సప్పుడు వెనక ఏదో లోపం ఉంది. లోపమే లేని సప్పుడు కూడా ఒకటుంది, అక్కడ నా వాదన అంత సాఫీగా సాగదు.

మా అమ్మాయికి ఇంటర్‌లో చేరినప్పుడు కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. "నాన్నా, ఇది కుయ్‌మని అంటుంది" అంది. నాకు ఏమీ వినపడలేదు. షాపుకు తీసుకుపోతే ఓనరుకూ వినపడలేదు, "ఏం లేదమ్మా, నీకట్ల అనిపిస్తుంది" అన్నాడు. పక్కనే బాక్సులు సర్దుతున్న కుర్రాడు తల ఎత్తి, "ఉంది సార్, సన్నగ వస్తుంది" అన్నాడు. వయసు పెరిగే కొద్దీ మొదట పోయేది పై స్థాయి శబ్దాల వినికిడే. పిల్లలకు 20,000 హెర్ట్జ్ దాకా వినపడితే, యాభై దాటిన నాలాంటివాళ్లకు అందులో చాలా భాగం అసలు చేరదు. మనకు వినపడనంత మాత్రాన పిల్ల అబద్ధం చెప్తుందనడం అన్యాయం.

ఈ కుయ్ బోర్డు మీద వోల్టేజీని సర్దే చిన్న కాయిల్స్ నుంచి వస్తుంది. వాటిలో కరెంటు వేగంగా హెచ్చుతగ్గులవుతుంటే కాయిల్ అతి సన్నగా కంపిస్తుంది. పేజీని పైకీ కిందికీ జరిపినప్పుడు సప్పుడు మారుతుంటే ఇదేనని గుర్తుపట్టొచ్చు. దీనివల్ల మిషన్‌కు ఏ ప్రమాదమూ లేదు, అందుకే కంపెనీలు దీన్ని లోపంగా ఒప్పుకోవు. మరి విని ఏం లాభం? సరిచేసేది ఏమీ లేనప్పుడు సప్పుడును ఎలాగోలా తగ్గించుకోవడమే కదా దారి? ఇక్కడ నేను ఆ వీడియో చేసినవాళ్లతో ఏకీభవిస్తాను. ప్రాసెసర్ సెట్టింగులు మార్చుకోండి, వేరే కీబోర్డు పెట్టి ల్యాప్‌టాప్‌ను దూరం జరపండి, ఏది పనిచేస్తే అది చేయండి. రోజంతా దాని ముందు చదువుకునే పిల్లకు ఆ సన్నటి కూత నిజమైన బాధ.

అయినా వినడం వల్ల మాకు ఒక మేలు జరిగింది. కాయిల్ సప్పుడు అదే మోడల్‌లో కూడా ఒక పీసుకూ ఇంకో పీసుకూ తేడాగా ఉంటుంది. కొన్న కొత్తలోనే పట్టుకున్నాం కాబట్టి, ఫోన్‌లో రికార్డు చేసి చూపించి, ఆ కుర్రాడి చెవి సాక్ష్యంతో పీసు మార్పించుకున్నాం. రెండోది మా అమ్మాయికి కూడా వినపడలేదు.

విప్పనివ్వాలి, విన్నందుకు ఇవ్వాలి

అందరినీ స్క్రూడ్రైవర్ పట్టమని నేను చెప్పడం లేదు. ల్యాప్‌టాప్‌లో స్క్రూలు ఒక్కొక్కటి ఒక్కో పొడవు ఉంటాయి, పొట్టి రంధ్రంలో పొడుగుది బిగిస్తే బోర్డుకే దెబ్బ. కీబోర్డు రిబ్బన్లు చిటుక్కున తెగుతాయి. వినడం మనం చేద్దాం, విప్పడం తెలిసినవాళ్లు చేస్తారు.

కానీ ఆ తెలిసినవాళ్లకు కంపెనీలు పని కష్టం చేస్తున్నాయి. కొన్ని మోడళ్లలో వెనక మూత తీస్తే ఫ్యాన్ ఎదురుగా ఉంటుంది. కొన్నిట్లో ఫ్యాన్ దాకా పోవాలంటే మదర్‌బోర్డు మొత్తం ఎత్తాలి. పైగా "ఇది ఇప్పితే వారంటీ పోతది" అన్న భయం. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా పెట్టింది. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌ల మీద అవి ఎంత తేలిగ్గా రిపేరు అవుతాయో 10కి మార్కులు వేసి అతికిస్తున్నారు. మన షాపుల్లో ఆ మార్కు కనిపిస్తే మిల్లు ఓనరు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడగడు, ఫ్యాన్ దాకా ఎన్ని స్క్రూలు అని అడుగుతాడు.

తప్పంతా కంపెనీల మీదికి తోసేయడం కూడా సరికాదు. ఆ మదర్‌బోర్డు మార్చమన్న షాపు గురించి నాకు చాలా రోజులు కోపం ఉండేది. మా మెకానిక్ తమ్ముడు ఒక మాట అన్నాక కొంచెం తగ్గింది. "సార్, గంట సేపు విని, ఏం కాలేదు తీస్కపో అంటే ఎవ్వరు రూపాయియ్యరు. పార్టు ఏస్తేనే పైసలిస్తరు." అది మన అలవాటే. పార్టుకు డబ్బిస్తాం, చూసి చెప్పినందుకు ఇవ్వం. అట్లాంటప్పుడు షాపువాడు అమ్మేది పార్టే. అందుకే ఇప్పుడు నేను నా క్లయింట్లకు చెప్తున్నాను, ఏమీ మార్చకపోయినా చూసినందుకు రెండు వందలు చేతిలో పెట్టండి, ముందే పెట్టండి అని. కొందరు పెడుతున్నారు. "ఏం చెయ్యకుండనే పైసలా" అని అడిగేవాళ్లే ఎక్కువ.

గ్రూపులో కూడా ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరి సిస్టమ్ మోగినా, ఏ సెట్టింగూ మార్చకముందు సప్పుడు రికార్డు చేసి పెట్టాలి. చార్జర్ పీకితే మారుతుందా, వంచితే మారుతుందా, లయగా వస్తుందా అన్నది కూడా రాయాలి. నిన్న హాలియా నుంచి ఒకాయన పెట్టాడు. టచ్‌ప్యాడ్ నొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది, దుమ్ము పడిందేమో అని రాశాడు. ల్యాప్‌టాప్‌ను చదునుగా బల్ల మీద పెట్టి పక్క నుంచి ఫోటో తియ్యమన్నాను. ఫోటోలో ఒక మూల కింద ఆనడం లేదు, టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బి ఉంది. లోపల బ్యాటరీ పొంగింది. వెంటనే చార్జర్ తీసి ఆఫ్ చేయమని, నొక్కొద్దని, గోనె సంచులున్న గదిలో పెట్టొద్దని చెప్పాను.

"20వ తారీఖు అయినంక చేపిస్తా సార్, రిటర్న్‌లు చానా ఉన్నయి" అన్నాడు.

"వద్దన్నా. నీ రిటర్న్‌లు నా సిస్టమ్ మీద వేద్దాం. అది ఇయ్యాల్నే మెకానిక్ దగ్గర పెట్టు."

సాయంత్రం తీసుకుపోయాడు. కొత్త బ్యాటరీ హైదరాబాద్ నుంచి రావాలి. అప్పటిదాకా ఆయన లాగిన్లు నా దగ్గరే ఉంటాయి.